మోకాళ్ల అరుగుదల నొప్పికి మందులు: ఎవరికి ఏది నప్పుతుంది, ఎవరికి ఏది నప్పదు

మోకాళ్ల నొప్పికి మంచి మాత్ర చెప్పమంటే నేను ఎదురు అడిగేవి మూడు ప్రశ్నలు. బీపీకి ఏం వేసుకుంటున్నారు? క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత ఉంది? కడుపులో ఎప్పుడైనా పుండు పడిందా? నొప్పి మోకాలిలో ఉంటే కిడ్నీ ఊసెందుకని కొందరు విసుక్కుంటారు. కానీ నొప్పి తగ్గించే విషయంలో ఈ మాత్రల మధ్య మనం అనుకునేంత తేడా లేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, సెలికాక్సిబ్, ఎటోరికాక్సిబ్... సరైన మోతాదులో వేసుకుంటే అన్నీ కాస్త అటూ ఇటూగా ఒకేలా పనిచేస్తాయి. నొప్పి తగ్గించే పనిలో ఇంకే అవయవాన్ని ఇబ్బంది పెడతాయన్న దగ్గరే అసలు తేడా. అందుకే మందు ఎంచుకునేటప్పుడు ఎక్స్‌రే కన్నా ముందు మీ పాత చీటీలు, రక్తపరీక్ష రిపోర్టులు బయటకు తీయాలి.

ఇక్కడ చెప్పేదంతా యాభై దాటినవాళ్లకు మామూలుగా వచ్చే అరుగుదల గురించి. డాక్టర్లు ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు, ఇళ్లలో "గుజ్జు అరిగిపోయింది" అంటారు. మెట్లు దిగేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు నొప్పి ఎక్కువ. పొద్దున్నే బిగుసుకున్నట్టున్నా అరగంటలోపు సర్దుకుంటుంది.

మీ నొప్పి తీరు ఇలా లేకపోతే ముందు జబ్బేమిటో తేల్చుకోండి. రెండు చేతుల వేళ్ల కణుపులు వాచి, పొద్దున గంటకు పైగా బిగుసుకుపోతుంటే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. దానికి పెయిన్ కిల్లర్లతో (ఇక్కడ ఆ మాటకు అర్థం పైన చెప్పిన డైక్లోఫెనాక్ లాంటి మాత్రలే, పారాసిటమాల్ కాదు) కాలం గడిపితే నొప్పి తగ్గినట్టే ఉంటుంది, కీలు మాత్రం లోపల పాడవుతూనే ఉంటుంది. మెథోట్రెక్సేట్ లాంటి అసలు మందు త్వరగా మొదలుపెట్టాలి. ఆ మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజువారీ మాత్ర అనుకుని మింగితే ప్రాణం మీదకు వస్తుంది, కాబట్టి వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద స్పష్టంగా రాయించుకోండి. రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది గౌట్, దాని మందులు వేరు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లతరబడి తాగినవాళ్లకు వచ్చే ఎముకల, కీళ్ల బిగుతు మరొకటి. దానికి ముందు మారాల్సింది తాగే నీళ్లు. ఇక జ్వరంతో పాటు కీళ్ల నొప్పులు మొదలైతే చికున్‌గున్యా అని సొంతంగా తేల్చేసుకుని పెయిన్ కిల్లర్ వేసుకోవద్దు. డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, పెయిన్ కిల్లర్లు రక్తస్రావం ముప్పును ఇంకా పెంచుతాయి.

ముందు పైపూత, తర్వాతే మాత్ర

"పైన రాస్తే లోపలికి ఏం పోతుంది?" అని జెల్‌ను చిన్నచూపు చూసేవాళ్లే ఎక్కువ. మోకాలు చర్మానికి దగ్గరగా ఉండే కీలు, డైక్లోఫెనాక్ జెల్ అక్కడిదాకా చేరుతుంది. రక్తంలో కలిసేది మాత్రతో పోలిస్తే దాదాపు 6 శాతమే. అందుకే కడుపుకు, కిడ్నీకి ఇబ్బంది చాలా తక్కువ. అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు, బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022లో ఇచ్చినవి, రెండూ మోకాలి అరుగుదలకు పైపూత మందును గట్టిగా సిఫారసు చేశాయి. తుంటి కీలు లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ లెక్క పనిచేయదు.

మరి చాలామందికి జెల్ ఎందుకు పనిచేయలేదు? చాలాసార్లు కారణం రాసే తీరే. బఠానీ గింజంత తీసుకుని, నొప్పి వచ్చినప్పుడు మాత్రమే పూసి, రెండో రోజుకు ట్యూబు పక్కన పడేస్తారు. అమెరికాలో 1 శాతం జెల్ లేబుల్ మీద ఉన్న మోతాదు ఒక్కో మోకాలికి 4 గ్రాములు, రోజుకు 4 సార్లు. రెండు మోకాళ్లకూ కలిపి రోజుకు 32 గ్రాములు. అంటే మన 30 గ్రాముల ట్యూబు ఒక్క రోజుకు కూడా చాలదు! బ్రిటన్‌లో 1.16 శాతం జెల్‌ను 2 నుంచి 4 గ్రాములు, రోజుకు 3 లేక 4 సార్లు రాయమంటారు. కనీసం ఆ లెక్క కింది అంచున అయినా, రోజూ తప్పకుండా రెండు వారాలు రాసి చూడకుండా జెల్ పనికిరాదని అనకండి. రాశాక దాని మీద వేడి కాపడం పెట్టొద్దు, బిగుతుగా కట్టు కట్టొద్దు. చేతులు కడుక్కుని కానీ కళ్లు తుడుచుకోవద్దు. ఖర్చు సంగతికొస్తే, జనౌషధి దుకాణాల్లో పేరున్న బ్రాండ్ల కన్నా చాలా తక్కువకే దొరుకుతుంది.

జెల్ వేరు, బామ్ వేరు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం దగ్గర్నుంచి నేటి స్ప్రేల దాకా, మెంథాల్, కర్పూరం లాంటివి చర్మం మీద చల్లగానో మంటగానో అనిపించి నొప్పి మీది ధ్యాసను మళ్లిస్తాయి. హాయిగానే ఉంటుంది, తప్పేమీ లేదు. కానీ వాపు తగ్గించే పని వాటిది కాదు. కొన్ని జెల్‌లలో రెండూ కలిపి ఉంటాయి. ట్యూబు మీద డైక్లోఫెనాక్ అన్న మాట ఉందో లేదో చూసి కొనండి.

పారాసిటమాల్ మాటేమిటి?

సురక్షితం, కానీ ఈ నొప్పికి బలహీనం. మోకాలి అరుగుదలకు దాన్ని అలవాటుగా రాయొద్దని నైస్ చెప్పేసింది. అయినా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు నోటి మాత్రల్లో ముందు మిగిలేది ఇదే. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు పై హద్దు, అంటే 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు దాటకూడదు. బరువు తక్కువున్నవాళ్లకు, రోజూ మద్యం తీసుకునేవాళ్లకు, లివర్ జబ్బున్నవాళ్లకు ఆ హద్దు ఇంకా కిందే. జలుబు మాత్రల్లో, పెయిన్ కిల్లర్ కాంబినేషన్లలో కూడా ఇదే దాగి ఉంటుందని మరచిపోవద్దు.

పెయిన్ కిల్లర్లలో ఏది?

ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు వాపును, నొప్పిని పెంచుతాయి. కడుపు లోపలి పొరను కాపాడేవీ అవే, కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసేవీ అవే. పెయిన్ కిల్లర్ వాటి తయారీనే ఆపేస్తుంది కాబట్టి మంచీ చెడూ కలిసే వస్తాయి.

కడుపుకు హాని తగ్గించాలని కాక్స్-2 రకం మందులు (సెలికాక్సిబ్, ఎటోరికాక్సిబ్ ఈ రకమే) తయారుచేశారు. వాటిలో ఒకటైన రోఫెకాక్సిబ్ వల్ల గుండెపోట్లు, పక్షవాతం పెరుగుతున్నాయని తేలడంతో 2004 సెప్టెంబరులో మెర్క్ కంపెనీ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలోనూ అదే ఏడాది నిషేధించారు. అప్పటి నుంచి ఈ రకం మందులన్నీ గుండెకు చేటని ఒక భయం ఉండిపోయింది. నిజం అంత సూటిగా లేదు. పాతదైన డైక్లోఫెనాక్ వల్ల గుండెకున్న ముప్పు కూడా కాక్స్-2 మందులకు దగ్గరగానే ఉందని యూరప్ ఔషధ సంస్థ 2013లో హెచ్చరించింది. మరోవైపు, 2016లో వెలువడిన ప్రెసిషన్ అధ్యయనంలో మితమైన మోతాదులో వాడిన సెలికాక్సిబ్ గుండె విషయంలో నాప్రోక్సెన్, ఇబుప్రోఫెన్ కన్నా అధ్వానంగా ఏమీ తేలలేదు, కడుపుకు మాత్రం వాటికన్నా తక్కువ హాని చేసింది.

ఇదంతా మనిషి మనిషికీ ఎలా మారుతుందో చూద్దాం.

బీపీ, సుగర్, గుండె జబ్బు ఏవీ లేని యాభై అయిదేళ్ల మనిషికి మోకాలు బాగా ఇబ్బంది పెడుతుంటే నాప్రోక్సెన్ గానీ సెలికాక్సిబ్ గానీ కొద్ది రోజులు వాడడం సరైనదే. నాప్రోక్సెన్‌కు గుండె ముప్పు తక్కువ, కడుపు మంట ఎక్కువ. ఎసిడిటీ అసలే ఉన్న మనిషికి నేనైతే సెలికాక్సిబ్ వైపు మొగ్గుతాను. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

ఒకప్పుడు కడుపులో పుండు పడి రక్తం పోయిన మనిషికి ముందు జెల్. అది చాలకపోతే సెలికాక్సిబ్‌తో పాటు పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర, అదీ డాక్టరు చూపులో ఉండగానే.

స్టెంట్ పడినా, గుండెపోటో పక్షవాతమో వచ్చినా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ మూడూ వద్దు. "డైక్లో కన్నా ఎసిక్లో మెత్తన" అని షాపుల్లో చెప్పే మాటను గుండె విషయంలో నమ్మకండి. ఇబుప్రోఫెన్ మరో చిక్కు తెస్తుంది. గుండెకోసం వేసుకునే చిన్న మోతాదు ఆస్పిరిన్ పనిని అది అడ్డుకోగలదు. మాత్ర తప్పదనుకుంటే నాప్రోక్సెన్ కొద్ది రోజులు ఇవ్వవచ్చునా అని గుండె డాక్టరునే అడగాలి. ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, అది ఆయనే తూచాలి.

బీపీ ఉన్నవాళ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఇప్పుడు విపరీతంగా రాస్తున్నది ఎటోరికాక్సిబ్. రోజుకు ఒక్క మాత్రతో పోతుంది, కడుపులో మంట తక్కువ, కాబట్టి జనానికీ నచ్చింది. కానీ ఇది బీపీని పెంచుతుంది. 140/90 కిందకు దిగని బీపీ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదని యూరప్‌లో దాని లేబుల్ మీదే ఉంది. అమెరికాలోనైతే ఈ మందుకు అసలు అనుమతే రాలేదు. మోకాలి అరుగుదలకు 30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, గరిష్ఠంగా 60 వరకు చాలు. 120 మాత్ర గౌట్ లాంటి హఠాత్తు నొప్పికి కొద్ది రోజులు వాడేది. మీ మోకాళ్ల చీటీలో రోజూ 90 అనో 120 అనో కనిపిస్తే ఎందుకని అడగండి. అడగడం మర్యాద తప్పేమీ కాదు.

కిడ్నీ దగ్గరకు వస్తే పోలిక ముగిసిపోతుంది, ఎందుకంటే ఈ మాత్రల్లో కిడ్నీకి మంచిదంటూ ఏదీ లేదు. మన దేశంలో రాబందులు అంతరించిపోయే దశకు చేరడానికి కారణం పశువుల వైద్యంలో వాడిన డైక్లోఫెనాక్. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు చెడి చనిపోయాయి. అందుకే 2006లో పశువుల డైక్లోఫెనాక్‌ను నిషేధించారు. మనిషి కిడ్నీ అంత సున్నితం కాదు కానీ, ఒక కలయిక దగ్గర జాగ్రత్త తప్పదు. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు, దానితో పాటు హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి నీరు తీసే మందు, పైన పెయిన్ కిల్లర్. మొదటి రెండూ ఒకే మాత్రలో కలిసి వచ్చేవి మన ఇళ్లలో ఎన్నో ఉన్నాయి, పేరు చివర "హెచ్" అని ఉంటుంది. వాటికి తోడు పెయిన్ కిల్లర్ పడి, పైగా మే నెల ఎండలో నీళ్లు సరిగా తాగకపోతే కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ గట్టిగా తేలలేదు. కారణం ఏదైనా, అలాంటి ప్రాంతంలో కూలిపని చేసి వచ్చి ఒళ్లునొప్పులకు రోజూ మాత్ర మింగడం కిడ్నీ మీద మరో భారం మోపడమే. క్రియాటినిన్ పెరిగి ఉన్నవాళ్లకు పారాసిటమాల్, పరిమితంగా జెల్. అంతకు మించి కావాలంటే కిడ్నీ డాక్టరు చెప్పాలి.

"గ్యాస్ మాత్ర కలిపే వేసుకుంటున్నాం కదా" అనేవాళ్లకు ఒక మాట. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ కాపాడేది కడుపునే. బీపీకీ, గుండెకూ, కిడ్నీకీ వాటివల్ల రక్షణ లేదు. అవి కూడా తిండికి అరగంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి.

స్ట్రిప్ వెనక చదవండి

మన మార్కెట్‌లో ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్, సెరాషియోపెప్టిడేజ్ మూడూ కలిపిన మాత్రలు కుప్పలు. ఆ మూడోది వాపు తగ్గిస్తుందని చెబుతారు. దాన్ని జపాన్‌లో ఎన్నో ఏళ్లు అమ్మిన టకేడా కంపెనీయే, ప్రయోజనం నిరూపించలేక 2011లో మార్కెట్ నుంచి తీసేసింది. మీరు కట్టే డబ్బులో ఆ భాగం వృథా. కండరాల పట్టు విడిపించే మందు కలిపిన మాత్రలు నడుము పట్టేసినప్పుడు రాస్తారు, మోకాలి అరుగుదలకు వాటి అవసరం కనిపించదు. నిమెసులైడ్‌ను లివర్ భయంతో కొన్ని దేశాలు వదిలేశాయి, అమెరికాలో అది రానేలేదు. ఇన్ని దొరుకుతుంటే దాని జోలికి వెళ్లాల్సిన పనిలేదు. మరో ప్రమాదం రెండు చీటీలది. ఎముకల డాక్టరు ఒక బ్రాండు, పంటి డాక్టరు ఇంకో బ్రాండు రాస్తే రెండు పెయిన్ కిల్లర్లు కలిసి లోపలికి పోతాయి. రెండింటివల్ల నొప్పి రెట్టింపు తగ్గదు, హాని మాత్రం పెరుగుతుంది.

మాత్ర రోజూ వేసుకోవాలా? అక్కర్లేదు. పెళ్లిపనులు, ప్రయాణాలు, నొప్పి విరుచుకుపడిన వారం, అలాంటప్పుడు తక్కువ మోతాదులో, తక్కువ రోజులు. మొక్కు ఉందని అలిపిరి మెట్లెక్కాలనుకునే బీపీ మనిషి మాత్రం పొద్దున్నే పెయిన్ కిల్లర్ మింగి, చెమటలు కక్కుతూ, నీళ్లు తాగకుండా ఎక్కడం నేను పైన చెప్పిన ప్రమాదాన్ని చేతులారా తెచ్చుకోవడమే. కొండకు బస్సులున్నాయి.

పెయిన్ కిల్లర్లు కుదరనివాళ్లకు డులోక్సెటిన్ ఒక దారి. డిప్రెషన్ మందని తెలిసి చాలామంది వెనకడుగు వేస్తారు. నొప్పి సంకేతాలను తగ్గించే గుణం దానికి వేరుగా ఉంది, ముఖ్యంగా నొప్పి ఒళ్లంతా పాకి నిద్ర పాడైనవాళ్లకు ఉపయోగం. మొదట్లో వికారం, నోరెండడం ఉంటాయి. డాక్టరును అడగకుండా ఒక్కసారిగా మానకూడదు. ట్రమడాల్, అంటే నల్లమందు తరహా నొప్పి మందు, అన్నిటికన్నా చివరి దారి. మలబద్ధకం, తల తిరగడం, అలవాటు పడడం... పెద్దవాళ్లు రాత్రి బాత్‌రూమ్‌కు లేచి పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది, మోకాలి నొప్పి కాస్తా పెద్ద ఆపరేషన్ అవుతుంది. 2018 నుంచి మన దేశంలో అది మత్తుమందుల చట్టం కిందకు వచ్చింది.

గుజ్జు పెంచే మందులు, ఇంజెక్షన్లు

అరిగిన గుజ్జును తిరిగి పెంచుతుందని రుజువైన మాత్ర ఇప్పటికి లేదు. గ్లూకోసమైన్‌ను అమెరికాలో జరిగిన గెయిట్ అధ్యయనంలో పరీక్షిస్తే, 2006లో వచ్చిన ఫలితాల్లో మొత్తం మీద ఉత్తుత్తి మాత్రకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నెలల తరబడి దానికి పెట్టే డబ్బు ఫిజియోథెరపీకి పెట్టమంటాను. గుజ్జుకని రాసే మరో మందు డయాసెరీన్ వల్ల విరేచనాలు ఎక్కువ, 65 దాటినవాళ్లకు వద్దని యూరప్‌లో 2014లోనే చెప్పారు.

ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ చవక, త్వరగా పనిచేస్తుంది, మేలు కొన్ని వారాలే. మోకాలు వాచి నీరు పట్టి నడవలేని స్థితిలో ఒకటి చేయించుకోవచ్చు. అలవాటుగా మాత్రం వద్దు. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు ఇచ్చి చూసిన అధ్యయనంలో నొప్పి ఉప్పునీటి ఇంజెక్షన్ కన్నా తగ్గలేదు, పైగా గుజ్జు మరికాస్త ఎక్కువ పోయిందని 2017లో తేలింది. సుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులు సుగర్ పెరుగుతుంది. మోకాలు మార్పిడికి తేదీ దగ్గర్లో ఉంటే చెప్పాలి, మూడు నెలల లోపు చేయించుకుంటే ఇన్ఫెక్షన్ ముప్పు ఉంది. హయలురోనిక్ యాసిడ్, అంటే "జెల్ ఇంజెక్షన్", ఖరీదెక్కువ, ఫలితం అనుమానమే. నైస్ దాన్ని వద్దంది. పీఆర్పీ (మన రక్తం నుంచే ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగం తీసి కీలులోకి ఎక్కించేది) మీద ప్రచారం జోరుగా ఉంది కానీ 2021లో వచ్చిన రిస్టోర్ అధ్యయనంలో ఏడాది తర్వాత చూస్తే ఉప్పునీటికి మించి నొప్పి తగ్గించలేదు. వేలు పోసి చేయించుకునే ముందు ఇది తెలిసి ఉండాలి.

ఊళ్లలో చేసే "నొప్పుల ఇంజెక్షన్", పేరులేని పొట్లాల్లో ఇచ్చే పొడులు వీటన్నిటికన్నా భయపెట్టేవి. ఒక్క రోజులో నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. నెలల తరబడి తీసుకుంటే ముఖం ఉబ్బుతుంది, సుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, తుంటి ఎముక తలకు రక్తం అందక చచ్చుబడవచ్చు.

కాల్షియం మాత్రలు మోకాలి నొప్పిని తగ్గించవు. అవి ఎముక గుల్లబారినవాళ్లకు అసలు మందుతో పాటు ఇచ్చే తోడు మాత్రమే. ఆ జబ్బు వేరు, అక్కడ ఎంపిక వేరు. వారానికోసారి పరగడుపున నీళ్లతో మింగి అరగంట నిటారుగా ఉండగలిగినవాళ్లకు అలెండ్రోనేట్, అది కుదరనివాళ్లకు ఏడాదికోసారి జోలెడ్రోనేట్ సెలైన్. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ మొదలుపెడితే మధ్యలో మానేయకూడదు, మానితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. విటమిన్ డి 60,000 యూనిట్ల మోతాదు వారానికి ఒకటి, డాక్టరు చెప్పినన్ని వారాలే. రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీకి చేటు.

బరువు ఎక్కువున్నవాళ్లకు కొత్తగా ఒక మందు చేరింది. ఊబకాయం, మోకాలి అరుగుదల రెండూ ఉన్నవాళ్లకు సెమాగ్లూటైడ్ ఇచ్చి చూసిన స్టెప్-9 అధ్యయనంలో బరువుతో పాటు నొప్పి కూడా బాగా తగ్గిందని 2024లో ప్రచురించారు. ఖరీదు ఎక్కువ, వాంతులు, విరేచనాల ఇబ్బంది ఉంది, అందరికీ కాదు. తొడ కండరాన్ని బలపరిచే వ్యాయామానికి మాత్రం ఈ హెచ్చరికలేవీ లేవు. కుర్చీలో కూర్చుని కాలు చాచి కాసేపు బిగపట్టి దించడం రోజూ చేస్తుంటే మాత్రల అవసరం చాలామందికి తగ్గుతుంది.

పెయిన్ కిల్లర్ మొదలుపెట్టాక బీపీ ఉన్నవాళ్లు వారం, పది రోజుల్లో బీపీ మళ్లీ చూపించుకోండి. అరవై దాటినవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు రెండు, మూడు వారాల్లో క్రియాటినిన్ చేయించుకోండి. విరేచనాలు పట్టుకున్నా, వాంతులైనా, వడదెబ్బ తగిలినా ఆ రోజు నుంచే మాత్ర ఆపండి. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం తగ్గి కాళ్లు వాచినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్‌లన్నీ ఒక కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి.